హక్కుల సంఘం సభ్యుల చేతిలోనే ఉండాలంటే: ఒక కోశాధికారి చెప్పే పద్ధతి

హక్కుల సంఘం పెడదామనుకున్న కుర్రాళ్లు ఫోన్ చేసి ముందు అడిగేది ఒకటే: "సార్, బైలాస్ నమూనా ఒకటి వాట్సాప్ చేయండి." బైలాస్ అంటే సంఘం నియమావళి. పంపిస్తాను. అందులో పేరు, అడ్రసు మార్చి రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చేస్తారు. గొడవ వచ్చేదాకా మళ్లీ దాని మొహం చూడరు. అందుకే ఇకనుంచి నమూనాతో పాటు ఇది కూడా పంపుదామని రాస్తున్నాను.

నేను సహకార శాఖలో ఆడిటర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఒంగోలులో సభ్యుల చందాల మీదే నడిచే ఒక చిన్న హక్కుల సంఘానికి కోశాధికారిని. పరపతి సంఘాల ఎన్నికలు దగ్గర్నుంచి చూసినవాణ్ణి. ఎవరి బైలాస్ చేతికొచ్చినా ముందు వెతికేది ఒకటే: అధ్యక్షుడి పని నచ్చకపోతే ఆయన్ని దించడానికి మామూలు సభ్యుడికి ఇందులో దారి ఉందా? లేకపోతే అది సంఘం కాదు, ఆయన లెటర్‌హెడ్.

రిజిస్ట్రేషన్, ఉద్దేశాల పేజీ

సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) ఇచ్చింది. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ సంఘం పేరుతో బ్యాంకు ఖాతా, పన్ను మినహాయింపు కావాలంటే ఆచరణలో చేయించుకోక తప్పదు. మనకు వర్తించేది 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ అదే కొనసాగుతోంది. కనీసం ఏడుగురు సంతకాలు పెట్టి మెమొరాండం (సంఘం పేరు, ఉద్దేశాలు ఉండే పత్రం), బైలాస్ జిల్లా రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. ఆ ఏడుగురిలో నలుగురు ఒకే ఇంటివాళ్లు కాకుండా చూసుకోండి.

ఏటా సర్వసభ్య సమావేశం అయ్యాక కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌ దగ్గర దాఖలు చేయాలి. ఎక్కువమంది ఎగ్గొట్టేది దీన్నే. తర్వాత రెండు వర్గాలు "మేమే అసలు కార్యవర్గం" అని కొట్టుకుంటే 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టుకు వెళ్లాలి. అక్కడ చూపించడానికి ఈ జాబితాలు, మినిట్స్ పుస్తకం తప్ప మీ దగ్గర ఇంకేముంటుంది?

మెమొరాండంలో ఉద్దేశాల పేజీని మాత్రం నమూనాలో ఉన్నది ఉన్నట్టు దించకండి. కూర్చుని మాట్లాడుకుని రాయండి. 1990ల్లో ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘంలో పెద్ద చర్చ నడిచింది. హక్కుల సంఘం ప్రశ్నించాల్సింది రాజ్యహింసనేనా, నక్సలైట్ల హింసను కూడానా అన్నది అందులో ముఖ్యమైన ప్రశ్న. చివరికి ఆ సంఘం నాయకుడు కె. బాలగోపాల్, మరికొందరు బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. అంత పెద్ద ప్రశ్న మీ దాకా రాకపోవచ్చు. కానీ కుల దాడులు, ఇంట్లో ఆడవాళ్ల మీద హింస, కంపెనీల భూసేకరణ మీ పరిధిలోకి వస్తాయా రావా అన్నది మొదటి ఏడాదే ఎదురవుతుంది. పేజీలో లేకపోతే ప్రతిసారీ కార్యదర్శికి తోచిందే విధానం అవుతుంది.

పన్ను మినహాయింపుకి వెళ్లినా ముందు చదివేది ఈ పేజీనే. ఈ చిక్కు మనకొక్కరికే లేదు. ఇంగ్లండులో 1981లో మెక్‌గవర్న్ కేసులో కోర్టు అంతర్జాతీయ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ పెట్టుకున్న ట్రస్టును చారిటీగా ఒప్పుకోలేదు. మనస్సాక్షి ఖైదీలను (నమ్మకాల వల్ల జైలుపాలైనవాళ్లను) విడుదల చేయించడం, చట్టాలు మార్పించడం రాజకీయ లక్ష్యాలు అంది. అందుకే బ్రిటన్‌లో ఆమ్నెస్టీ రెండుగా ఉంటుంది. సభ్యులు ఓటేసే సంస్థ ఒకటి, చారిటీగా నమోదైన ట్రస్టు ఇంకొకటి. మన చిన్న సంఘాలకు రెండు బండ్లు తోలే ఓపిక ఉండదు. ఉద్దేశాలు స్పష్టంగా రాసుకుంటే చాలు.

సభ్యుల జాబితా

అసలు అధికారం ఉండేది ఇక్కడ. పరపతి సంఘాల్లో ఎన్నికలు దగ్గరపడగానే ఒక పెద్దమనిషి వందలమందికి తనే వాటాధనం కట్టేసేవాడు. రసీదు పుస్తకం కౌంటర్‌ఫాయిళ్లు తిప్పితే తెలిసిపోయేది. వరుస నంబర్లు, ఒకటే తేదీ, ఒకటే చేతిరాత. తండ్రి పేరు గడి మాత్రం ఖాళీ. హక్కుల సంఘంలో అలా జరగదనుకోకండి. డబ్బు లేకపోయినా పేరుంది, ప్రెస్ మీట్ ఉంది, కలెక్టరు దగ్గర కుర్చీ ఉంది.

మేము రాసుకున్న నియమాలు ఇవి. దరఖాస్తు మీద సభ్యుడే సంతకం పెట్టాలి. పాత సభ్యుడొకరు ప్రతిపాదించాలి, కార్యవర్గం ఆమోదించాలి. కాదంటే కారణం కాగితం మీద ఇవ్వాలి. దాని మీద మహాసభకు, అంటే సర్వసభ్య సమావేశానికి, అప్పీలు ఉంటుంది. చేరిన ఆరు నెలల తర్వాతే ఓటు. మహాసభకు రెండు నెలల ముందు జాబితాను మూసేసి శాఖలన్నిటికీ పంపిస్తాం, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పాలి.

దీనికి రివర్స్ కూడా ఉంటుంది. గిట్టనివాళ్ల సభ్యత్వం గుట్టుగా రద్దు చేయడం. "మీ చందా రాలేదే" అంటారు. ఎందుకు రాలేదు? ఫోన్‌పే చేయమని ఇచ్చిన నంబరు కార్యదర్శి సొంతది. చందా ఎప్పుడూ సంఘం ఖాతా క్యూఆర్ కోడ్‌కే పోవాలి. రసీదు అదే రోజు పంపాలి. గడువు దాటినవాళ్లకు ఒక నోటీసు ఇవ్వకుండా పేరు కొట్టేయకూడదని బైలాస్‌లోనే రాయండి.

రాజకీయ పార్టీలో ఉన్నవాళ్లు సభ్యులుగా ఉండొచ్చు, పదవుల్లో వద్దు. ఇది నా పట్టుదల. అధికారం మారిన రోజు మన స్టేట్‌మెంటు గొంతు మారకూడదు కదా. ఇంకో మాట: కార్యవర్గం ఎన్నికయ్యాక గ్రూప్ ఫోటో ఒకసారి పరీక్షగా చూడండి. మనం ఎక్కువగా మాట్లాడేది దళితుల గురించీ ఆడవాళ్ల గురించీ. ఫోటోలో అందరూ అడ్వకేట్లూ లెక్చరర్లూ, అందరూ మగవాళ్లే అయితే వచ్చే మహాసభకి బైలాస్ సవరణ తయారు చేసుకోవాలి.

మహాసభ

నోటీసు ఇరవై ఒక్క రోజుల ముందు పోవాలి. దానితో పాటే ఎజెండా, కార్యదర్శి నివేదిక, ఆదాయవ్యయాలు. నివేదికను వేదిక మీద గంటన్నర చదివి వినిపించే అలవాటు మానండి. చదివినవాళ్లే ప్రశ్నలు అడుగుతారు, విన్నవాళ్లు చప్పట్లు కొడతారు.

మన దగ్గర మహాసభ అంటే ఎన్జీవో హోమ్‌లో పొద్దున జెండా, అతిథుల ఉపన్యాసాలు, మధ్యాహ్నం పులిహోర పొట్లాలు, సాయంత్రం నాలుగింటికి "ప్రతినిధుల సభ". అప్పటికి కనిగిరి వాళ్లూ మార్కాపురం వాళ్లూ బస్సుకు వెళ్లిపోయి ఉంటారు. మిగిలిన ఇరవైమంది ప్యానెల్‌ను ఏకగ్రీవం చేసేస్తారు. దీన్ని తిరగేయండి. పొద్దున పదింటికి లెక్కలు, నివేదిక, ఎన్నిక; ఉపన్యాసాలు మధ్యాహ్నం. మంచి వక్త అయితే జనం భోజనం తర్వాత కూడా ఉంటారు. ఇంటెలిజెన్స్ వాళ్లు ఎలాగూ వస్తారు. వాళ్లకు టీ ఇవ్వండి, ఓటు ఇవ్వకండి.

ఎన్నికల అధికారిగా పోటీలో లేని మనిషిని, వీలైతే పక్క జిల్లా మనిషిని పెట్టండి. పదవికి ఒక్క నామినేషనే వచ్చినా "ఈయన వద్దు" అని చెప్పే చీటీ ఉండాలి. ఈ దేశంలో 2013లో ఓటింగ్ యంత్రం మీదకి నోటా వచ్చింది పీయూసీఎల్ అనే జాతీయ పౌరహక్కుల సంఘం వేసిన కేసులోనే. హక్కుల సంఘాలు సొంత ఎన్నికల్లో దాన్ని పెట్టుకోకపోవడం నాకు వింతగా ఉంటుంది. అధ్యక్ష కార్యదర్శులకు వరుసగా రెండు దఫాలు చాలు. "ఆయన లేకపోతే సంఘం లేదు" అని ఎవరైనా అంటే, ఆయన్ని మార్చాల్సిన టైమ్ వచ్చేసిందన్నమాట.

అధ్యక్షుణ్ణి దించే దారి కూడా మహాసభ క్లాజులోనే ఉండాలి. ఐదో వంతు సభ్యులు రాతపూర్వకంగా కోరితే కార్యదర్శి ముప్పై రోజుల్లో ప్రత్యేక సర్వసభ్య సమావేశం పిలవాలి. పిలవకపోతే కోరినవాళ్లే పిలుచుకోవచ్చు, ఖర్చు సంఘానిది. ఈ రెండో వాక్యం చాలా బైలాస్‌లలో ఉండదు. అది లేకపోతే మొదటి వాక్యం ఉన్నా దండగే, ఎందుకంటే దిగాల్సిన మనిషి మీటింగ్ ఎందుకు పిలుస్తాడు?

మినిట్స్ పుస్తకం సంగతి. విడి కాగితాలు వద్దు, కుట్టిన పుస్తకం కొనండి, మొదటి రోజే పేజీలకు నంబర్లు వేయండి. హాజరు సంతకాలకీ తీర్మానానికీ మధ్య ఖాళీ వదలకండి. వదిలితే అందులో రేపు ఇంకో తీర్మానం మొలుస్తుంది. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎంతమంది వ్యతిరేకించారు, ఎవరైనా తన పేరుతో అసమ్మతి రాయమన్నారా అన్నవి రాసి, చదివి వినిపించి, చివరి వాక్యం కిందే సంతకాలు తీసుకుని అడ్డగీత గీయండి. ఇదంతా హాల్లోనే, తాళం వేయకముందే. "ఇంటికెళ్లి ఫెయిర్ చేసి పంపుతాను" అనే కార్యదర్శి ఎంత మంచివాడైనా ఒప్పుకోవద్దు. వాట్సాప్ గ్రూపులో పడిన బొటనవేళ్లు ఓట్లు కావు. అర్జంటు నిర్ణయం ఫోన్‌లో తీసుకున్నా వచ్చే సమావేశంలో చదివి ఆమోదించుకోవాలి.

నిజనిర్ధారణ నివేదిక కింద సంతకం ఎవరిది?

బైలాస్‌లో దీని గురించి ఒక్క వాక్యం ఉండదు, సంఘాలు చీలేది మాత్రం ఎక్కువగా దీని దగ్గరే. ఫలానా స్టేషన్‌లో ఒకతను చనిపోయాడని తెలిసింది. ఒకాయన అడ్వకేటు, కారుంది, వెళ్లొచ్చి సాయంత్రానికి ప్రెస్ మీట్ పెట్టేస్తాడు. మర్నాడు పేపర్లో వచ్చేది సంఘం పేరు.

అందుకని కనీసం ముగ్గురి బృందం వెళ్లాలి. ఒకరు మహిళ, ఒకరు ఆ ఊరితో సంబంధం లేనివాళ్లు. కుటుంబంతో, చుట్టుపక్కలవాళ్లతో మాట్లాడాక ఎస్సైని కూడా అడగాలి. ఆయన మాట్లాడకపోతే "అడిగాం, మాట్లాడలేదు" అని తేదీతో రాయాలి. చిత్తుప్రతి కార్యవర్గానికి మూడు రోజుల్లో పోవాలి, వాళ్లు రెండు రోజుల్లో చెప్పాలి. మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే. బృందంలో ఒకరు విభేదిస్తే ఆ మాట నివేదికలోనే చేరుతుంది. సాక్షుల పేర్లు మార్చారా లేదా అని చూసే బాధ్యత ఒకరికి ఇవ్వండి, ఎందుకంటే మనం ఊరొదిలి వస్తాం, వాళ్లు అక్కడే బతకాలి.

నాన్చడం కూడా పనికిరాదు. 1993 చట్టం ప్రకారం మానవ హక్కుల కమిషన్ ఘటన జరిగిన ఏడాది దాటితే విచారణ చేపట్టదు. మన రాష్ట్ర కమిషన్‌కైనా, ఢిల్లీకైనా ఫిర్యాదు ఎవరి సంతకంతో వెళ్లాలో, కోర్టులో కేసు వేయాలంటే ఎవరి తీర్మానం కావాలో ముందే రాసి పెట్టుకోండి.

డబ్బు

ఖాతాకు రెండు సంతకాలు, అందులో కోశాధికారిది ఒకటి. ఆడిటరు కార్యవర్గంలో ఎవరికీ చుట్టం కాకూడదు. ఒక్క దాత నుంచి ఏడాది ఆదాయంలో పదో వంతుకు మించి తీసుకోకూడదన్నది మా నియమం. ఎంత మంచి మనసుతో ఇచ్చినా ఫోన్ చేసి "ఆ విషయం కాస్త చూడండి" అనే రోజు వస్తుంది. 80జి (విరాళాల మీద ఆదాయపు పన్ను మినహాయింపుకి ఇచ్చే గుర్తింపు) ఉంటే దాతకు పన్నులో మినహాయింపు రావచ్చు, అయితే రెండు వేలు దాటిన నగదుకు రాదు.

విదేశీ నిధులు వద్దనేది నా సలహా. విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో వచ్చిన సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోనే పడాలి. పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు. ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. అదే ఏడాది సెప్టెంబరులో, బ్యాంకు ఖాతాలు స్తంభింపజేయడంతో ఆమ్నెస్టీ ఇండియా పని ఆపేసి సిబ్బందిని పంపేయాల్సి వచ్చింది. పీయూసీఎల్ మొదటినుంచీ ఫండింగ్ ఏజెన్సీల డబ్బు ముట్టదు, సభ్యులే భరిస్తారు. ఆఫీసు చిన్నదవుతుంది, రిపోర్టు ఫొటోస్టాట్ అవుతుంది, అంతే.

సంఘం లోపలే ఫిర్యాదు వస్తే

నాయకుడి మీద ఒక కార్యకర్త లైంగిక వేధింపు ఫిర్యాదు చేస్తే "సంఘం పరువు" అనే మాట మొదట ఎవరి నోటి నుంచి వస్తుందో గమనించండి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టంలోలాగా మహిళ అధ్యక్షతన, కనీసం సగం మంది మహిళలతో, బయటి మనిషి ఒకరితో కమిటీ ముందే వేసి పెట్టండి, మీ దగ్గర జీతగాళ్లు పదిమంది లేకపోయినా సరే. ఏ సభ్యుణ్ణి తీసేయాలన్నా ఆరోపణ రాసివ్వాలి, జవాబుకు పదిహేను రోజులు ఇవ్వాలి, ఆరోపించినవాళ్లు తీర్పులో కూర్చోకూడదు. పోలీసుల్ని మనం అడిగేది ఇదే కదా.

ఆఖరి క్లాజు రద్దుది. సంఘం మూతపడితే మిగిలిన డబ్బు సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు, అలాంటి పనే చేసే ఇంకో సంస్థకు పోవాలి. నమూనాల్లో ఇంతవరకే ఉంటుంది. మీరు ఇంకో వాక్యం కలపండి: బాధితులు చెప్పి రాయించిన వాంగ్మూలాలు, ఫొటోలు, పోస్టుమార్టం కాపీలు ఎవరికి అప్పగించాలి, వేటిని చించేయాలి. అలా పేరు రాయకపోతే అవన్నీ ఎవరో ఒకరి ఇంట్లో అటక మీదకి చేరతాయి.