చెక్క లేతుకు త్రీ ఫేజ్ మోటారు, ఇంటి కరెంటుతోనే

చెక్క గిన్నె అంచు నున్నగా చేసే ప్రతిసారీ వేగం తగ్గించడానికి లేతు (చెక్కను గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం) ఆపి, బెల్టును పుల్లీ మీద జరపడం పెద్ద విసుగు. ఉదయగిరిలో మా షెడ్డుకు ఉన్నది సింగిల్ ఫేజే కాబట్టి త్రీ ఫేజ్ మోటారు మనకు పనికిరాదని ఇన్నాళ్లూ అనుకున్నాను. పనికొస్తుంది.

1 హెచ్‌పీ, 4 పోల్ త్రీ ఫేజ్ మోటారు, సింగిల్ ఫేజ్ 230 వోల్టులతో నడిచే వీఎఫ్‌డీ తీసుకోండి. వీఎఫ్‌డీ అంటే ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటును త్రీ ఫేజ్‌గా మార్చి, దాని హెర్ట్జ్‌ను (సెకనుకు కరెంటు ఆవృత్తులను) పెంచుతూ తగ్గిస్తూ మోటారు వేగం మార్చే పెట్టె; దీన్నే డ్రైవ్ అంటారు. మోటారు వివరాలు రాసి ఉండే రేకు మీద 230 వోల్టులకు డెల్టా, 415కు స్టార్ అని రెండూ ఉండాలి; ఇవి మోటారు లోపలి తీగ చుట్టలను కలిపే రెండు పద్ధతులు. 415 ఒక్కటే ఉంటే కొనవద్దు. టెర్మినల్ పెట్టె మూత తీస్తే ఆరు బోల్టులు, వాటిని కలిపే ఇత్తడి పట్టీలు కనిపిస్తాయి. పట్టీలను స్టార్ నుంచి డెల్టాకు ఎలక్ట్రీషియన్ చేత మార్పించి, రేకు మీది డెల్టా ఆంపియర్లనే డ్రైవ్‌లో పెట్టించండి. ఇక నాబ్ తిప్పడమే. 50 హెర్ట్జ్ దగ్గర నిమిషానికి సుమారు 1440 చుట్లు, 25 దగ్గర అందులో సగం. పొట్టు దుమ్ము పడుతుంది కాబట్టి మోటారు పూర్తిగా మూసి ఉన్న రకమే కావాలి, డ్రైవ్‌ను కాస్త దూరంగా గోడకు బిగించాలి.

పాత పుల్లీలు మాత్రం పారేయకండి. పెద్ద మొద్దును నాబ్‌తోనే 15 హెర్ట్జ్‌కు దించి గంటసేపు తొలిస్తే, మోటారుతో పాటే తిరిగే ఫ్యాను గాలి చాలక మోటారు కాలిపోవచ్చు. అలాంటి పనికి బెల్టు జరపక తప్పదు.