నీళ్ళలో అల్ట్రాసోనిక్ తరంగాలు: 3వ పాఠం

పోయిన పాఠంలో క్వార్ట్జ్ స్ఫటికాన్నీ, దానికి ఎదురుగా జరిగే రిఫ్లెక్టర్ పలకనూ చూశాం. ఇప్పుడు నీళ్ళలో ఈ తరంగాల వేగాన్ని కొలుద్దాం. స్ఫటికం, పలక రెండూ ఉన్న పరికరం, 2 మెగాహెర్ట్జ్ ఇంటర్‌ఫెరోమీటర్ చాలు, డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబుల్లో సాధారణంగా ఉంటుంది.

అనంతపురం బోరు నీళ్ళు మాత్రం సెల్లులో (పరికరంలో నీళ్ళు నింపే పాత్రలో) పోయకండి. కరిగిన లవణాలు వేగాన్ని మారుస్తాయి. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, మరగబెట్టి, మూతపెట్టి చల్లార్చండి. గాలి పోతుంది. స్ఫటికానికి బుడగ అంటుకుందంటే మీటర్ ముల్లు మాట వినదు.

థర్మామీటర్ పక్కనే ఉండాలి. వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 1482 మీటర్లు, 30 దగ్గర 1509. మే నెలలో పొద్దున ఒక జవాబు, మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాన్ ఆగాక ఇంకో జవాబు వస్తే టెన్షన్ పడకండి. చాలా ద్రవాల్లో వేడికి వేగం తగ్గుతుంది. నీళ్ళది రివర్సు, దాదాపు 74 డిగ్రీల దాకా పెరుగుతూనే పోతుంది.

మైక్రోమీటర్ మెల్లగా తిప్పండి. ముల్లు పైకి లేచి, పడి, మళ్ళీ లేస్తుంది. ఒక లేపుకీ పక్క లేపుకీ మధ్య దూరం అర తరంగదైర్ఘ్యం. మొదటి లేపు దగ్గర రీడింగు 3.120 మి.మీ., 21వ దాని దగ్గర 10.665 అనుకోండి. మధ్యలో ఖాళీలు 20, 21 కాదు. తేడా 7.545ని 20తో భాగించి రెట్టింపు చేస్తే 0.7545 మి.మీ. దీన్ని 2 మెగాహెర్ట్జ్‌తో గుణిస్తే 1509. దాటిపోయారని స్క్రూ వెనక్కి తిప్పకండి, అందులో ఉండే లూజు రీడింగును చెడగొడుతుంది. మళ్ళీ మొదటినుంచి రండి.

పలక దూరమయ్యేకొద్దీ లేపులు పొట్టివవుతాయి. "నీళ్ళు శక్తిని పీల్చేశాయి" అని రికార్డులో రాసేవాళ్ళే ఎక్కువ. లెక్క చూడండి. 20 డిగ్రీల నీళ్ళలో 1 మెగాహెర్ట్జ్ దగ్గర శోషణ మీటరుకు సుమారు 0.22 డెసిబెల్. ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే నాలుగింతలు, అంటే 0.88. పలక 2 సెం.మీ. జరిగితే తరంగం పోయిరావడానికి అదనంగా 4 సెం.మీ. అందులో కంపన పరిమితి (తరంగం ఎత్తు) అర శాతం కూడా తగ్గదు! మీకు కనబడే తగ్గుదల దాదాపు అంతా తరంగాల పుంజం విచ్చుకోవడం వల్లా, పలక వంకరగా ఉండటం వల్లా వచ్చేదే. ముందు పలకను సరిచేయండి.

నీళ్ళ శోషణే కావాలంటే ఫ్రీక్వెన్సీ పెంచాలి. 15 మెగాహెర్ట్జ్ పల్స్‌తో పలకను 5 సెం.మీ. జరిపితే దాదాపు 5 డెసిబెల్ పడిపోతుంది, ప్రతిధ్వని ఎత్తు సగం కంటే కాస్త పైన నిలుస్తుంది. అందులోనూ పుంజం విచ్చుకోవడం వల్ల పోయేది కొంత కలిసే ఉంటుంది. దాన్ని విడదీయడం వచ్చే పాఠంలో. ఈలోగా 5 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు ఎన్ని డెసిబెల్ వస్తుందో కట్టి పెట్టుకోండి.