మూలపడ్డ యాపిల్ సైడర్ వెనిగర్‌కు ఒక పని

బరువు తగ్గుదామని కొన్న యాపిల్ సైడర్ వెనిగర్ సీసా నాలుగు రోజుల ముచ్చటై అల్మారా మూలకి చేరిందా? మా ఇంట్లోనూ అంతే. పారబోయకండి.

మాది బోరు నీళ్లు. ఎలక్ట్రిక్ కెటిల్ అడుగున తెల్లటి గార పెచ్చులు కట్టింది, పీచుతో ఎంత తోమినా ఊడదే! ఒక వంతు వెనిగర్, రెండు వంతుల నీళ్లు పోసి వేడెక్కించి, స్విచ్ ఆపి అరగంట వదిలేశాను. సన్నటి బుడగలు లేస్తూ పెచ్చులు వాటంతటవే విడిపోయాయి. ఆ గారలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్, వెనిగర్‌లో సుమారు 5 శాతం ఉండే ఎసిటిక్ ఆమ్లం దాన్ని కరిగిస్తుంది. తర్వాత రెండుసార్లు మంచినీళ్లు కాచి పారబోస్తే వాసనా పోతుంది. నిజానికి ఈ పనికి చవకరకం తెల్ల వెనిగరే చాలు, ఇంట్లో ఉంది కాబట్టి ఇది వాడాను. బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది.

లేదు, తాగుతామంటారా? పెద్ద గ్లాసు నీళ్లలో ఒకటి రెండు టీస్పూన్లు చాలు. నీళ్లు కలపకుండా తాగితే గొంతు మండుతుంది, పళ్ల మీద ఎనామిల్ అరుగుతుంది. తాగాక నోరు పుక్కిలించండి, బ్రష్ మాత్రం వెంటనే చేయకండి. భోజనం తర్వాత షుగర్ పెరగడాన్ని కొంచెం తగ్గిస్తుందని కొన్ని చిన్న పరిశోధనల్లో కనిపించింది గానీ, అది మాత్రలకు బదులు కాదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి.

మిగిలిన చుక్కలు ఉల్లిపాయ చక్రాల మీద ఉప్పు, కారంతో చల్లండి, పప్పన్నంలోకి భలే ఉంటాయి.