ఎండలు ముదరకముందే పాత కారుకు చూసుకోవాల్సినవి

ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం, కర్నూలు ఎండకు పాత బండ్లు దారిలోనే ఆగిపోతుంటాయి. ఇప్పుడే ఇవి చూసుకోండి.

• అన్నిటికంటే ముందు కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. లోపల తుప్పు రంగు కనిపిస్తే మొత్తం మార్పించండి. బోరు నీళ్లు మాత్రం పోయొద్దు. మన నీళ్లలో ఉప్పు ఎక్కువ, గార కట్టి రేడియేటర్‌లోని సన్నని గొట్టాలు మూసుకుపోతాయి. ఆ తర్వాత ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగం కింద ఉండే సీలు) పోతే ఇంజిన్ విప్పాల్సిందే, కూలెంట్‌కు అయ్యేదానికి ఎన్నో రెట్లు ఖర్చు.

• టెంపరేచర్ ముల్లు ఎరుపు వైపు పోతుంటే "ఊరు దగ్గరే కదా" అని లాగొద్దు. పక్కకు ఆపి ఇంజిన్ ఆపేయండి.

• రేడియేటర్‌కు వెళ్లే రబ్బరు హోస్‌లు (గొట్టాలు) నొక్కి చూడండి. పగుళ్లున్నా, ఉబ్బినా మార్చాలి. చిన్న ఖర్చే.

• టైరు అరగకపోయినా వయసు చూడండి. టైరు పక్క గోడ మీద 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైందని అర్థం. ఎండిపోయిన పాత రబ్బరు 44వ నంబరు హైవే మీద వేగంలో పగిలితే ప్రాణాలకే ముప్పు. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి.

• మూతలున్న బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడండి, వేడికి త్వరగా తగ్గుతుంది.

డబ్బులు సరిపోకపోతే ఏసీ గ్యాస్ వచ్చే నెలకు పెట్టుకోండి. కూలెంట్, టైర్లు వాయిదా వేయొద్దు.