సెలవుల్లో కంటికి దెబ్బ: సికిల్ సెల్ ఉన్న ఇళ్లకు జాగ్రత్తలు

ఎండాకాలం సెలవులొస్తే కంటి దవాఖానకు చిర్రగోనె దెబ్బలు, క్రికెట్ బంతి దెబ్బలు వరస కడతాయి. ఆటలో జాగ్రత్తని ఇంట్లో ఎలాగూ చెప్తారు. ఇది అచ్చంపేట, అమ్రాబాద్, దేవరకొండ వైపు చెంచు పెంటల్లో, తండాల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు) పరీక్ష కార్డును పెట్టెలో దాచుకున్న వాళ్ల కోసం.

కన్ను పోగొట్టే తప్పు ఒక్కటే: సికిల్ సంగతి డాక్టరుకు చెప్పకపోవడం. అందులోనూ క్యారియర్లు, అంటే అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే ఆ లోపం వచ్చి, జబ్బు బయటపడని వాళ్లు. "మావాడికి జబ్బు లేదు, ఒట్టి క్యారియరే" అని ఊరుకుంటారు. రోజువారీ బతుకులో ఆ మాట చెల్లుతుంది. కంట్లో రక్తం చేరిన రోజు చెల్లదు.

కనుగుడ్డు ముందు గదిలోని నీటిలో ఆక్సిజన్ తక్కువ. అక్కడ చేరిన రక్తకణాలు, క్యారియర్‌వైనా సరే, కొడవలిలా వంగి బిరుసెక్కి, నీరు బయటికి పోయే జల్లెడలో ఇరుక్కుంటాయి. రక్తం సన్నటి గీతంతే కనిపించినా లోపల ఒత్తిడి పెరగొచ్చు. మామూలుగా అది 21 (మిల్లీమీటర్ల పాదరసం లెక్కలో) లోపు ఉండాలి. సికిల్ కంట్లో 24 దాటి ఒక రోజు నిలిచిందంటే ఆపరేషన్ ఆలోచించాల్సిందే. పైగా ఒత్తిడికి రాసే ఎసిటజోలమైడ్ మాత్ర రక్తంలో ఆమ్లం పెంచి కణాల్ని ఇంకా వంచగలదు. మీరు చెప్పకపోతే డాక్టరు ఆ మాత్రే రాయొచ్చు, తప్పు ఆయనది కాదు.

కాబట్టి చీటీ రాయించేటప్పుడే కార్డు చూపించి, దాని మీద 'సికిల్' అని రాయించండి. పరీక్ష ఎప్పుడూ చేయించకపోతే అక్కడే అడగండి.

దారిలో కన్ను నలపనివ్వొద్దు. దూది పెట్టి బిగించి కట్టొద్దు. ప్లాస్టిక్ గ్లాసు అడుగు కోసి, అంచు ఎముక మీద ఆనేలా, కన్నుకు తగలకుండా అతికించండి. తల ఎత్తుగా ఉండాలి. పసరు వద్దు. చనుబాలు వద్దు. ఆస్పిరిన్, బ్రూఫెన్ వద్దు, నొప్పికి పారాసిటమాలే. ఎర్ర తగ్గిందని ఇంట్లో ఉండిపోవద్దు: మళ్లీ రక్తం కారేది ఎక్కువగా 2 నుంచి 5 రోజుల మధ్యనే. ఆ వారం ఆటల్లేవు, రోజూ ఒత్తిడి కొలిపించాలి. రెండో రోజు డాక్టరు మారితే ఆయనకూ చెప్పాలి. క్యారియరైనా చెప్పాలి.

దెబ్బ లేకున్నా, జబ్బున్న పిల్లలకు పదేళ్ల నుంచి ఏడాదికో రెండేళ్లకో చుక్కలు వేయించి రెటీనా (కంటి వెనక పొర) చూపించండి. చార్టు చివరి వరస చదివాడని మానొద్దు, రక్తనాళాలు ముందు మూసుకునేది ఆ పొర అంచుల్లో. కంటి ముందు నల్లచుక్కలో, తెరలో కనిపిస్తే అదే రోజు పోవాలి. చూపు ఒక్కసారిగా పోతే నొప్పి లేకున్నా ఆ గంటలోనే. తలసీమియా అనే రక్తజబ్బుకు డెస్ఫెరాల్ (ఒంట్లో చేరిన అదనపు ఇనుమును తీసే మందు) ఎక్కించుకునే వాళ్లకు ఏటా కళ్లు, చెవులు రెండూ పరీక్ష చేయించాలి. ఎండపూట నీళ్లు, సల్ల తగ్గించొద్దు. హైదరాబాద్‌లో సరోజినీ దేవి కంటి దవాఖానకు రాసిస్తే, కార్డు పెట్టెలో వదిలి బస్సెక్కొద్దు.