పెళ్లి చదివింపులతో కారు లోన్ తీరుస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యాయంటే చాలా ఇళ్లలో ఒకటే ఆలోచన. చదివింపుల డబ్బు వస్తుంది కదా, దాంతో అబ్బాయి కారు లోన్ తీర్చేస్తే నెలనెలా ఈఎంఐ టెన్షన్ ఉండదని. ఆలోచన మంచిదే. కాకపోతే ఆ డబ్బు ఎవరిచ్చారో, ఎవరి చేతికి వచ్చిందో రాసిపెట్టుకోకపోతే రేపు ఐటీ నోటీసు వచ్చినప్పుడు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

పెళ్లయితే పన్ను తగ్గుతుందని కొందరు అనుకుంటారు. అమెరికాలో భార్యాభర్తలు కలిపి రిటర్న్ వేసుకోవచ్చు. అక్కడి మనవాళ్లు చెప్పింది విని ఇక్కడా అంతేననుకుంటారు. మన దేశంలో ఎవరి పాన్ వారిది, ఎవరి రిటర్న్ వారిది. పెళ్లి వల్ల శ్లాబు మారదు.

పెళ్లి సందర్భంగా వధూవరులకు వచ్చే కానుకలకు మాత్రం పన్ను లేదు. చదివించింది మేనమామైనా, ఆఫీసు స్నేహితుడైనా, ఎంతైనా సరే. ఈ మినహాయింపు పెళ్లికూతురికి, పెళ్లికొడుక్కే గానీ వాళ్ల తల్లిదండ్రులకు వర్తించదు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. నాన్నగారి స్నేహితులు ఆయన నంబరుకే ఫోన్‌పే కొట్టేస్తారు. బంధువులు కానివాళ్ల నుంచి అలా వచ్చింది ఏడాదిలో 50,000 దాటితే, దాటిన భాగమే కాదు, మొత్తం ఆయన ఆదాయంలో కలుస్తుంది. మండపంలో క్యూఆర్ కోడ్ పెట్టేట్లయితే వధూవరుల ఖాతాదే పెట్టండి.

నగదు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఒకే సందర్భానికి ఒకే మనిషి నుంచి 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోకూడదు. తీసుకుంటే పుచ్చుకున్నవాళ్లకే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. పెద్ద మొత్తం ఇచ్చే దగ్గరివాళ్లకు ముందే చెప్పి ఖాతాకు పంపించమనండి. మిగతావాటికి చదివింపుల పుస్తకమే మీ సాక్ష్యం. పేరు, ఊరు, ఎంత అని ప్రతి వరుసా రాయించండి, నూటపదహార్లయినా సరే. పెళ్లి హడావుడి తగ్గాక పుస్తకాన్ని అటక మీద పడేయకుండా ప్రతి పేజీ ఫోటో తీసి ఉంచుకోండి. సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదిలో 10 లక్షలు, ఆపైన నగదు జమైతే బ్యాంకే ఆ వివరం ఐటీ శాఖకు పంపుతుంది.

కట్నంగా అడిగి తీసుకున్నదాన్ని కానుక అని రాసుకున్నంత మాత్రాన అది కానుక అయిపోదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం అది నేరం. ఆ డబ్బుతో లోన్ తీర్చే ఆలోచనే వద్దు.

భార్య తన డబ్బుతో భర్త కారు లోన్ కడితే ఇద్దరికీ పన్ను ఏమీ పడదు. అదే భర్త ఇచ్చిన డబ్బుతో భార్య పేరున ఎఫ్‌డీ వేస్తే, ఆ వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది.

ఇక అసలు లోన్ తీర్చడం లాభమా కాదా అన్నది లెక్క వేసి చూడాల్సిందే. 8 లక్షల లోన్, 9 శాతం వడ్డీ, 5 ఏళ్లు అనుకోండి. ఈఎంఐ సుమారు 16,600. ముందే కట్టేసినందుకు బ్యాంకు 4 శాతం చార్జీ, దానిపై 18 శాతం జీఎస్టీ వేస్తుందనుకుందాం. రెండేళ్లకు తీర్చేస్తే మిగిలిన వడ్డీ దాదాపు 75,600, చార్జీ 24,650. అంటే 50 వేలు మిగులుతాయి. నాలుగేళ్లు కట్టాక తీరిస్తే మిగిలిన వడ్డీ 9,400, చార్జీ దాదాపు 8,960. దానికోసం మిగిలిన అసలు, చార్జీ కలిపి చేతిలోని దాదాపు 2 లక్షలు ఖాళీ చేసుకోవడం నా దృష్టిలో అనవసరం. కొత్త కాపురానికి ఆ డబ్బే ఆసరా.

తీర్చాలనే నిర్ణయించుకుంటే ముందు ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్, అంటే లోన్ ముందే తీర్చడానికి మొత్తం ఎంత కట్టాలో చూపే లెక్క, రాతపూర్వకంగా తీసుకోండి. ఈఎంఐ తేదీకి కొన్ని రోజుల ముందే కట్టండి, లేకపోతే ఆ వాయిదా కూడా కట్ అయి, వెనక్కి రప్పించుకోవడానికి తిరగాలి. కట్టాక ఎన్‌ఓసీ (బాకీ లేదని బ్యాంకు ఇచ్చే పత్రం), ఫారం 35 (ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించే ఫారం) తీసుకుని ఆర్టీఏలో ఆర్‌సీ మీద బ్యాంకు పేరు తీయించండి. ఎన్‌ఓసీకి గడువు ఉంటుంది, బీరువాలో పెట్టి మర్చిపోవద్దు. ఇన్సూరెన్స్ పాలసీలోనూ ఆ పేరు తీయించాలి. ఒకటి రెండు నెలలయ్యాక సిబిల్ రిపోర్టు తెరిచి, ఆ లోన్ ఎదురుగా ‘క్లోజ్డ్’ అని ఉందో లేదో చూడండి. ‘సెటిల్డ్’ అని ఉంటే, అంటే పూర్తిగా కట్టకుండా రాజీ చేసుకున్నట్టు చూపిస్తుంటే, వెంటనే బ్యాంకుకు రాసి మార్పించండి.