పెచ్చెర్వు నుంచి కైలాసద్వారం దాకా: నల్లమల పాదయాత్రలో రెండో రోజు ఎలా నడవాలి?

ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో అడవిలోకి అడుగుపెట్టి, నాగలూటి వీరభద్రుడికి దండం పెట్టుకుని, దామెర్లకుంట దాటి పెచ్చెర్వులో రాత్రి ఆగి, మర్నాడు మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరుకోవడం. ఉగాదికీ శివరాత్రికీ మల్లన్న దగ్గరికి నడిచేవాళ్లలో చాలామందిది ఇదే దారి. మొదటి రోజు ఉత్సాహం మీద ఎవరైనా నడిచేస్తారు. అసలు పరీక్ష రెండో రోజు. ప్రతిసారీ చూస్తుంటాను, భీముని కొలనుకు దిగే వాలులో పరుగులాంటి నడకతో నన్ను దాటిపోయిన కుర్రాళ్లే కైలాసద్వారం మెట్ల మీద మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంటారు. వయసుండి, బలముండి, ఎలా దిగాలో ఒక్కరూ చెప్పక అలా అవుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

సామాను

సంచి తేలిగ్గా ఉండాలి, అంతే. రెండు లీటర్ల నీళ్లు పట్టే సీసాలు (పారేసే ప్లాస్టిక్ సీసాలు వద్దు, అది పులుల అభయారణ్యం), నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు, వేయించిన శనగలు, బెల్లం, తువ్వాలు, టార్చి, ఒక జత పొడి సాక్సులు, మెడికల్ షాపులో దొరికే బట్ట ప్లాస్టర్ చుట్ట. ఇక కర్ర. అది మీ ఛాతీ ఎత్తు ఉండాలి. నడుము దాకా వచ్చే కర్ర చదును నేల మీద బాగానే ఉంటుంది కానీ దిగేటప్పుడు కింది మెట్టును అందుకోలేదు, అందుకోవడానికి మీరు ముందుకు వంగాల్సి వస్తుంది, అక్కడే బ్యాలెన్స్ పోతుంది. మడతపెట్టే అల్యూమినియం స్టిక్కులు చాలామంది తెస్తున్నారు. నాకైతే గట్టి వెదురు కర్రే కర్ర. బరువంతా మోపినా జారి పొట్టిదైపోదు.

షూ పాతవే వేసుకోండి. యాత్ర కోసమని కొత్తవి కొనుక్కుని వచ్చేవాళ్లని చూస్తే బాధేస్తుంది. కనీసం నెల రోజులు వేసుకుని తిరిగిన షూ అయి ఉండాలి.

తెల్లవారుజామున

చీకటి ఉండగానే లేచి తయారైపోండి. నడక మాత్రం దారి కనిపించే వెలుగు వచ్చాక, అటవీ శాఖవాళ్లు ఆ ఏడాది పెట్టిన వేళల ప్రకారం, గుంపుతో కలిసి మొదలుపెట్టండి. ఎండ తప్పించుకోవచ్చని అర్ధరాత్రే ఇద్దరు ముగ్గురు బయల్దేరడం నాకు అస్సలు నచ్చదు. జంతువుల సంగతి అటుంచండి, టార్చి వెలుగులో రాయికీ రాయి నీడకీ తేడా తెలియదు, చీలమండ మెలిక పడితే అడవి మధ్యలో మోసేవాళ్లెవరు?

బయల్దేరే ముందు కాళ్లు పూర్తిగా ఆరబెట్టుకుని, నిన్న రాపిడికి ఎర్రబడిన చోటల్లా ప్లాస్టర్ వేయండి. బొబ్బ ఇంకా లేవకముందే వేయాలి. తడిసి మెత్తబడిన చర్మం సాక్సుకి రాసుకుంటే బొబ్బ లేస్తుంది, కాబట్టి కాలు పొడిగా ఉంచుకోవడమే సగం మందు. కడుపు నిండా తినకండి. అన్నదానం పందిళ్లలో ఎంతో ప్రేమగా వడ్డిస్తారు, కాదనలేం, అయినా కొంచెమే పెట్టించుకోండి.

మఠంబావి దాకా

ఈ భాగం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మాట్లాడుకుంటూ నడవగలిగేంత వేగం చాలు, ఆయాసం వస్తోందంటే ఎక్కువైనట్టే. దాహం వేసేదాకా ఆగకుండా గంటకు అర లీటరు తాగండి. ఓఆర్ఎస్ పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. చిన్న సీసాలో సగం నీళ్లు పోసి చిక్కగా కలిపి తాగేవాళ్లున్నారు, అది తప్పు, దాహం ఇంకా పెరుగుతుంది. బీడీ, సిగరెట్ సంచిలో కూడా వద్దు, ఆ రోజుల్లో ఎండిన గడ్డికి ఒక్క నిప్పురవ్వ చాలు.

ఉట్టికాళ్లతో నడవాలా అని అడుగుతుంటారు. దీక్షలో ఉన్నవాళ్లకి, మొక్కుకున్నవాళ్లకి నేను చెప్పగలిగేదేమీ లేదు, వాళ్ల నియమం వాళ్లది. మొక్కు లేకుండా, పక్కవాళ్లు నడుస్తున్నారు కదా అని మొదటిసారి వచ్చినవాళ్లు చెప్పులు వదిలేయడం మాత్రం వద్దు. కర్ణాటక పల్లెల నుంచి రోజుల తరబడి నడిచి వచ్చేవాళ్ల అరికాళ్లు వేరు, ఆఫీసులో ఏసీ గదిలో కూర్చునే మన అరికాళ్లు వేరు.

భీముని కొలనుకు దిగడం

ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి.

ఎక్కడమే కష్టమని అందరూ అనుకుంటారు. కైలాసద్వారం మెట్ల పేరు వినే టెన్షన్ పడతారు. వాలు రాగానే అమ్మయ్య అనుకుని కాళ్లు వదిలేస్తారు. ఎక్కేటప్పుడు అలిసేది ఊపిరి, రెండు నిమిషాలు నిలబడితే అది తిరిగి వస్తుంది. దిగేటప్పుడు దెబ్బ తినేది తొడ ముందు కండరం, ఎందుకంటే ప్రతి అడుగులోనూ అది ఒకవైపు సాగుతూనే ఇంకోవైపు ఒంటి బరువునంతా ఆపాలి. ఆ కండరం అలిసిపోయిందా, ఆ బరువు మోకాలి మీద పడుతుంది. దిగుతున్నంతసేపూ ఇదేమీ తెలియదు. లోయలోకి చేరి పది నిమిషాలు కూర్చుని లేచేసరికి కాళ్లు వణుకుతాయి, ఎదురుగా నిట్టనిలువు మెట్లు.

కాబట్టి వాలు మొదలయ్యే ముందే ఆగండి. అందరూ ముందుకెళ్లిపోతున్నా సరే, ఆగండి. షూ లేసులు విప్పి, మడమను షూ వెనక్కి గట్టిగా తన్ని పెట్టి, చీలమండ దగ్గర మళ్లీ బిగించి కట్టుకోండి. వేళ్ల దగ్గర వదులుగానే ఉండాలి. ఇది చేయకపోతే పాదం ప్రతి అడుగుకీ ముందుకు జారి బొటనవేళ్లు షూ ముందు భాగానికి కొట్టుకుంటాయి, ఇంటికెళ్లాక గోళ్లు నల్లబడి ఊడిపోయేది అందుకే. గోళ్లు యాత్రకు రెండు రోజుల ముందే కత్తిరించుకుని ఉండాలి, అక్కడ కూర్చుని కాదు. సంచి పట్టీలు కూడా బిగించండి, వీపు మీద ఊగే సంచి మిమ్మల్ని పక్కకు లాగేస్తుంది.

ఇప్పుడు అడుగు. ముందు కర్ర కిందికి వెళ్లాలి, తర్వాత కాలు. కర్ర ఆనిన తర్వాతే బరువు. మోకాలు ఎప్పుడూ కొంచెం వంగే ఉండాలి, నిటారుగా పెట్టిన కాలి మీద దిగితే ఆ దెబ్బ నేరుగా కీలుకే. అడుగులు చిన్నవిగా వేయండి. ఎత్తు ఎక్కువున్న రాయి వస్తే ఎదురుగా దిగకుండా పక్కకు తిరిగి దిగండి, కాసేపు కుడి వైపు, కాసేపు ఎడమ వైపు. ఎండుటాకులు కప్పిన చోట కాలు పెట్టే ముందు కర్రతో తట్టి చూడండి, కింద రాయి కదులుతుందో లేదో తెలుస్తుంది. వేలాది పాదాలు అరగదీసిన రాళ్లు నున్నగా ఉంటాయి, వాటికంటే పక్కనున్న గరుకు రాయి నయం.

దూకకండి. ఒక్కసారి కూడా వద్దు. ముందున్నవాళ్లతో పోటీ వద్దు, వెనకున్నవాళ్లు తొందరపెడితే పక్కకు జరిగి దారి ఇవ్వండి. ఫోన్ తీసి వీడియో పట్టుకుంటూ దిగేవాళ్లని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. ఫోటో కావాలంటే పూర్తిగా నిలబడి, కర్ర ఆనించుకుని తీసుకోండి, తర్వాత జేబులో పెట్టేయండి. పిల్లల్ని భుజం మీద ఎక్కించుకుని దిగడం ఇంకా ప్రమాదం, మీ కాళ్ల కిందేముందో మీకు కనిపించదు.

ఇదంతా నేను కొత్తగా కనిపెట్టింది కాదు. కర్ణాటక నుంచి వచ్చే పెద్దవాళ్లని గమనించండి. నెత్తిన మూట, చేతిలో కర్ర, నోట మల్లయ్య పేరు, నడుము కొద్దిగా వంచి పక్కపక్కకు తిరుగుతూ ఒకే వేగంతో దిగిపోతారు. వాళ్ల వెనకాల పది అడుగుల దూరంలో నడిస్తే చాలు, మీ వేగం దానంతటదే కుదురుతుంది. మోకాలి క్యాపులు, నొప్పి స్ప్రేలు అంటూ చాలా చెబుతారు. స్ప్రే కొట్టుకుంటే నొప్పి తెలియదు, తెలియకపోతే మీరింకా వేగంగా దిగుతారు, అందుకే నేను దాన్ని దగ్గర పెట్టుకోను.

లోయలో

కిందికి చేరగానే నీళ్లు కనిపిస్తే షూతోనే దిగిపోకండి. కాళ్లు కడుక్కోవచ్చు, కానీ నానబెట్టకండి. వెంటనే తువ్వాలుతో వేళ్ల సందులు కూడా తుడుచుకుని పొడి సాక్సులు వేసుకోండి. తర్వాత అరగంట నీడలో కూర్చోవాలి, ఇది తప్పనిసరి. శనగలు, బెల్లం, ఓఆర్ఎస్ నీళ్లు. పిక్కలు పట్టేస్తుంటే కాలు చాపి బొటనవేలిని మీ వైపుకు లాక్కుని పట్టుకోండి.

మీ గుంపులో అందరి మొహాలూ చూడండి. ఎవరికైనా వాంతి వస్తున్నట్టుంటే, తల తిరుగుతుంటే పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లు తడిపి విసరండి, స్పృహ బాగుంటే కొంచెం కొంచెంగా తాగించండి. మాట తడబడుతున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీళ్లు తాగించే ప్రయత్నం చేయకుండా తలా మెడా చంకలూ తడుపుతూనే ఉండి, ఒకరిని వైద్య శిబిరానికో పోలీసుల దగ్గరికో పరిగెత్తించండి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. అలాంటి మనిషిని "ఇంకాసేపే, పైకి వచ్చేస్తాం" అని మెట్లు ఎక్కించడం ప్రాణం మీదికి తెస్తుంది.

ఎక్కడం, ఆ పైన

సరిగ్గా దిగినవాళ్లకి ఎక్కడం గురించి చెప్పాల్సింది తక్కువే. పాదం మొత్తం మెట్టు మీద ఆనించండి, వేళ్ల మీద ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి. యాభై మెట్లకోసారి నిలబడండి, కూర్చోకండి. రెడ్డిరాజుల్లో ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడని చిన్నప్పుడు చరిత్ర పాఠంలో చదివినప్పుడు నాకు అదొక మార్కుల ప్రశ్న మాత్రమే. అడవిలో రాతి మెట్టు విలువ నడిస్తేనే తెలుస్తుంది.

కైలాసద్వారం దగ్గర కాసేపు కూర్చుని, హఠకేశ్వరం మీదుగా రోడ్డెక్కండి. అక్కడి నుంచి గుడికి దాదాపు 5 కిలోమీటర్లు, దారిలో సాక్షి గణపతి. మనం వచ్చినట్టు ఆయన రాసుకుంటాడని నమ్మకం, కాబట్టి ఆగకుండా వెళ్లకండి. ఊళ్లోకి రాగానే క్యూలోకి పరిగెత్తకుండా ముందు స్నానం చేసి, ఏదైనా తిని, గంటసేపు కాళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకోండి. పండగ రోజుల్లో క్యూలో గంటల తరబడి నిలబడాల్సి ఉంటుంది. బొబ్బలు లేచి ఉంటే పొడవకండి, మీద శుభ్రమైన గుడ్డ కట్టి వదిలేయండి. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం చిన్న పుండు కనిపించినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. తిరుగు బస్సు మర్నాటికి పెట్టుకోండి. తొడల నొప్పి ముదిరేది మర్నాడూ ఆ మర్నాడూ, ఆఫీసుకు రెండు రోజుల సెలవు ముందే చెప్పి రండి.